డిసెంబర్ 31 దాటాక డబ్లిన్‌కు కందిపప్పు పంపడం: నా అనుభవం

ఇంగ్లండ్‌లో లెస్టర్ దగ్గర మన సరుకుల హోల్‌సేల్ గోడౌన్‌లో డిస్పాచ్ కాగితాలు చూసే పని నాది. వారం వారం ఐర్లండ్‌లోని ఇండియన్ దుకాణాలకు కందిపప్పు, బియ్యం, చింతపండు, గోధుమపిండి, నెయ్యి, పచ్చళ్లు పంపుతాం. 2020 డిసెంబర్ 31 దాకా దీనికి కావలసినవి ఇద్దరి వ్యాట్ నంబర్లున్న ఇన్‌వాయిస్, ఒక డెలివరీ నోట్, నెలాఖరున అకౌంట్స్ వాళ్లు పంపే అమ్మకాల జాబితా. గ్లాస్గోకి పంపినా డబ్లిన్‌కు పంపినా గోడౌన్‌లో పని ఒకటే. బ్రెగ్జిట్‌తో, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి విడిపోవడంతో, ఆ రాత్రి 11 గంటలకు అది ముగిసింది; ఐర్లండ్ ఈయూలోనే ఉంది. ఇది 2021 మార్చిలో రాస్తున్నది; ఇందులో "ఇప్పుడు" అన్నవి, నియమాలు, రుసుములు అన్నీ అప్పటివి. ఇదే పనిలో ఉన్నవాళ్ల కోసం, ఐర్లండ్‌లో దుకాణం నడుపుతూ "ఇంగ్లండ్ సరుకు ఎందుకు రావట్లేదు" అని అడుగుతున్నవాళ్ల కోసం, ఏది ఎప్పుడు ఎక్కడ ఆగిందో వరసగా రాస్తున్నాను. బ్రెగ్జిట్ మంచిదా చెడ్డదా అన్న వాదనతో నాకు ఇక్కడ పని లేదు.

ముందు 2019 గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే 2020లో జరిగిన ఆలస్యానికి సగం కారణం అక్కడే ఉంది. బ్రిటన్ ఈయూ నుంచి బయటికి రావడానికి మొదటి గడువు 2019 మార్చి 29. అది ఏప్రిల్ 12 అయింది, తర్వాత అక్టోబర్ 31 అయింది, చివరికి 2020 జనవరి 31న బ్రిటన్ పేరుకు బయటికొచ్చింది. వ్యాపారంలో మాత్రం డిసెంబర్ 31 దాకా పాత పద్ధతే. ప్రతి గడువుకు ముందూ మా రంగంలో అందరూ అదనంగా సరుకు కొని నిల్వ పెట్టారు, బయట స్థలం అద్దెకు తీసుకున్నారు. గడువు జరిగిన ప్రతిసారీ ఆ అద్దె దండగ. అందుకే అసలు గడువు వచ్చేసరికి ముందే డబ్బు ఖర్చుపెట్టమంటే ఏ యజమానీ ఒప్పుకోలేదు. అది బద్ధకం కాదు, అనుభవం నేర్పిన పాఠం.

2020 జూన్ 12న, డిసెంబర్ 31 గడువుకు ఇక పొడిగింపు అడగబోమని బ్రిటన్ ఈయూకు చెప్పేసింది. అడగడానికి ఆఖరి రోజు జూన్ 30. అది కూడా దాటాక తేదీ మీద అనుమానం లేదు. తేదీ తప్ప మిగతా అన్నిటి మీదా ఉంది. ముహూర్తం పెట్టేసి, శుభలేఖలు పంచేసి, పెళ్లికొడుకు ఎవరో డిసెంబర్‌లో చెబుతామన్నట్టు ఉండేది. ఈయూతో వ్యాపార ఒప్పందం ఉంటుందో లేదో, ఉంటే ఏ సరుకు మీద ఎంత సుంకమో చెప్పేవాళ్లు లేరు.

జూలై 13న ప్రభుత్వం సరిహద్దు పద్ధతుల పుస్తకం విడుదల చేసింది, 206 పేజీలు. అదే రోజు టీవీలో, బస్టాపుల్లో "సిద్ధం కండి" ప్రకటనలు మొదలయ్యాయి. ఆ పుస్తకం పనికిరానిదని అనను. బ్రిటన్‌లోకి వచ్చే సరుకుకు ఏం చేయాలో వివరంగానే ఉంది. బయటికి పంపే మాకు అందులో దొరికిందల్లా ఎగుమతి డిక్లరేషన్ (కస్టమ్స్‌కు సరుకు వివరాలు తెలిపే పత్రం) ఇవ్వండి, అవతలి దేశం నియమాలు పాటించండి అన్నంతే. అవతలి దేశం నియమాలు ఆ దేశపు సైట్లలో చదువుకోవాల్సిందే. నిజానికి నాకు ఎక్కువ పనికొచ్చింది ఐరిష్ రెవెన్యూ (ఐర్లండ్ పన్నులు, కస్టమ్స్ శాఖ) వాళ్ల సమాచారమే. బ్రిటన్ నుంచి ఎగుమతి చేసేవాళ్లెవరైనా మొదటి రోజు నుంచే దిగుమతి దేశపు కస్టమ్స్ పేజీలు చదవడం మేలు.

ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా చేసుకోగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. వాటికి పట్టే కాలం ఎవరూ తగ్గించలేరు కాబట్టి ముందు అవి చెబుతాను.

మొదటిది ఈఓఆర్‌ఐ నంబరు, అంటే కస్టమ్స్ దగ్గర వ్యాపారాన్ని గుర్తించే నంబరు. బ్రిటన్‌లో వ్యాట్ ఉన్న వ్యాపారాలకు అక్కడి పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ 2019లోనే చాలామందికి అడగకుండా పంపింది, మాకూ వచ్చింది. కానీ జీబీతో మొదలయ్యే ఆ నంబరు ఐర్లండ్‌లో దిగుమతికి పనికిరాదు. అక్కడ దింపుకునేవాళ్లకు ఐఈతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఈ సంగతి దుకాణాలవాళ్లకు ఒప్పించడానికి సెప్టెంబర్ మొత్తం పట్టింది. డబ్లిన్‌లో మన తెలుగు దుకాణం ఆయన ఒకరు ఫోన్‌లో, "అన్నా, పంపేది మీరు. నంబరు నాకెందుకు?" అన్నారు. "దింపుకునేది నువ్వు కాబట్టి తమ్ముడూ. జనవరి నుంచి నువ్వు దిగుమతిదారువి, నీ పేరు మీదే సుంకం కడతారు" అంటే అవతల కాసేపు మాట లేదు. ఆన్‌లైన్‌లో రెవెన్యూ ఖాతా ఉన్నవాళ్లకు నంబరు వెంటనే వచ్చింది. అన్నీ అకౌంటెంట్‌కే వదిలేసి లాగిన్ కూడా తెలియనివాళ్లకు రెండు మూడు వారాలు పట్టింది.

దుకాణం దిగుమతిదారుగా ఉండనంటే, ఇంగ్లండ్ కంపెనీయే అక్కడ దిగుమతిదారు కావచ్చు కదా అని అడుగుతున్నారు. ఈయూలో స్థిరపడని కంపెనీ నేరుగా డిక్లరేషన్ ఇవ్వలేదు. అక్కడి కస్టమ్స్ ఏజెంట్ పరోక్ష ప్రతినిధిగా, అంటే మన తరఫున తన పేరు మీదే కాగితం వేసేవాడిగా, ఉండాలి. అలా ఉంటే సుంకం బాకీకి ఏజెంట్ కూడా బాధ్యుడు. అందుకే చిన్న వ్యాపారాలకు ఆ పని చేయడానికి మేము అడిగిన ఏజెంట్లలో ఎక్కువమంది ఒప్పుకోలేదు, ఒప్పుకున్నవాళ్లు ముందుగా డిపాజిట్ అడిగారు.

రెండోది ఆ ఏజెంటే. దేశానికి 50,000 మంది కస్టమ్స్ పనివాళ్లు అదనంగా కావాలని లారీ యజమానుల సంఘం 2020లో మొత్తుకుంది. అంతమందిని ఆర్నెల్లలో తయారు చేయడం అయ్యే పని కాదు. ఆ పని చేసేవాళ్లకు సుంకం కోడ్‌లు, పాత కంప్యూటర్ వ్యవస్థ, మినహాయింపులు అన్నీ చేతివేళ్ల మీద ఉండాలి, దానికి ఏడాది రెండేళ్లు పడుతుంది. మేము సెప్టెంబర్‌లో వెతకడం మొదలుపెడితే సగం మంది కొత్త ఖాతాలు తీసుకోవట్లేదన్నారు. చివరికి ఇటు ఎగుమతి, అటు దిగుమతి రెండూ చేసే వాళ్లు అక్టోబర్‌లో దొరికారు. ఎగుమతి డిక్లరేషన్‌కు 40 పౌండ్లు, ఐర్లండ్ దిగుమతికి 65 యూరోలు. ఇక్కడే ఎవరూ ముందు చెప్పని సంగతి ఒకటుంది. ఆ 65లో వచ్చేది ఐదు లైన్లే. ఆరో కోడ్ నుంచి ఒక్కో లైన్‌కు 5 యూరోలు అదనం.

లైన్ అంటే ఒక కోడ్ (సరుకు రకాన్ని బట్టి కస్టమ్స్ వాడే అంకె), ఒక మూలదేశం (సరుకు పుట్టిన దేశం). మామూలు వ్యాపారంలో ఇది పెద్ద ఖర్చు కాదు. మన కిరాణాలో మాత్రం నడుం విరుస్తుంది. ఒక దుకాణం ఆర్డర్‌లో రెండు ప్యాలెట్లే (సరుకు పేర్చే పీఠాలు) ఉంటాయి గానీ వాటిలో అరవై రకాల సరుకు ఉంటుంది: నాలుగు పెట్టెల అప్పడాలు, రెండు పెట్టెల ఇంగువ, ఒక పెట్టె ఆవపిండి. అరవై రకాలు ముప్పై కోడ్‌లకు కుదించినా ఆ రెండు ప్యాలెట్ల దిగుమతి కాగితం ఖర్చే 190 యూరోలు. ఒక పెట్టె ఇంగువ కోసం ఒక లైన్ పెట్టడం నష్టమని జనవరిలో బిల్లు చూశాక గానీ దుకాణాలవాళ్లు నమ్మలేదు.

మూడోది కోడ్‌ల జాబితా. ఇది అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్న పని. మా కంప్యూటర్‌లో ప్రతి సరుకుకూ పేరు, ధర, బార్‌కోడ్ ఉన్నాయి. కస్టమ్స్‌కు కావలసిన కోడ్, మూలదేశం, నికర బరువు, పెట్టెతో బరువు వీటిలో ఏదీ పూర్తిగా లేదు. ఎగుమతికి 8 అంకెల కోడ్ చాలు, ఈయూలోకి దిగుమతికి 10 అంకెలు కావాలి. కందిపప్పు 0713 60, శనగలు 0713 20, పెసలు మినుములు 0713 31 కిందికి వస్తాయి, వీటిలో గొడవ లేదు. పచ్చళ్ల దగ్గర గొడవ. వెనిగర్‌తో నిల్వ చేసిందైతే 2001 కిందికి వెళ్తుంది. నూనె, ఉప్పుతోనే ఊరిన ఆవకాయ అక్కడికి రాదు, పండుతో చేసిన వంటకాల 2008 వైపు వెళ్తుంది, సుంకం మారిపోతుంది. కాబట్టి ప్రతి పచ్చడి సీసా వెనకాల పదార్థాల పట్టీ చదవాలి.

మూలదేశం దగ్గర ఇంకో చిక్కు. ప్యాకెట్ మీద ఇండియన్ బ్రాండ్ ఉన్నంత మాత్రాన సరుకు ఇండియాది కాదు. కందిపప్పు మలావీ, టాంజానియా, మొజాంబిక్, మయన్మార్‌ల నుంచి వస్తుంది. శనగలు ఆస్ట్రేలియావి కావచ్చు, ఎర్రపప్పు కెనడాది కావచ్చు. ఒకే కందిపప్పు రెండు దేశాలదైతే అది రెండు లైన్లు. కొనేటప్పుడు ఏ లాట్ ఏ దేశానిదో రాసి పెట్టుకోవడం మాకు అంతకుముందు అవసరం రాలేదు. సప్లయర్ల నుంచి ఆ వివరం రాబట్టడానికి ఆగస్టు నుంచి నవంబర్ దాకా పట్టింది, కొందరు ఇప్పటికీ ఇవ్వలేదు.

నాలుగోది చెక్క ప్యాలెట్లు. నవ్వొస్తుంది గానీ నిజం. ఈయూ లోపల ఏ ప్యాలెట్ అయినా నడిచేది. బయటి దేశం అయ్యాక, ప్యాలెట్ చెక్క మధ్యభాగం 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉన్నట్టు హెచ్‌టీ ముద్ర ఉండాలి, లేకుంటే సరుకు ఎంత బాగున్నా వెనక్కి పంపవచ్చు. మా గోడౌన్ వెనక గుట్టగా పడున్న పాత ప్యాలెట్లలో ముద్ర ఉన్నవి పావు వంతు లేవు. నవంబర్‌లో అందరూ ఒకేసారి కొనబోయేసరికి ధర దాదాపు రెట్టింపైంది. ప్లాస్టిక్ ప్యాలెట్‌కు ఈ నియమం లేదు, కానీ అది తిరిగి రాదు.

ఇవన్నీ చేసుకున్నాక కూడా అసలు ప్రశ్న అలాగే ఉంది. జనవరి ధరల పట్టీలో ఏం రాయాలి? సెప్టెంబర్ 23న మంత్రి మైకేల్ గోవ్ రాసిన లేఖ బయటికొచ్చింది. పరిస్థితి మరీ చెడితే, ఫ్రాన్స్‌కు లారీలు ఓడలెక్కే కెంట్‌లో 7,000 లారీలు ఆగిపోవచ్చని అందులో ఉంది. వ్యాపారులు సిద్ధంగా లేరన్నది దాని సారం. చదివి నాకు ఒళ్లు మండింది. సుంకం రేటు తెలియకుండా ధర ఎలా వేస్తాం, ధర లేకుండా ఆర్డర్ ఎలా తీసుకుంటాం? అక్టోబర్, నవంబర్, డిసెంబర్ మూడు నెలలూ మేము రెండు పట్టీలు పెట్టుకున్నాం, ఒప్పందం ఉంటే ఒకటి, లేకుంటే ఒకటి. దుకాణాలవాళ్లు రెండూ చూసి, ఏది నిజమో తెలిశాక చెప్పండి అనేవాళ్లు.

ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ దుకాణాల సంగతి వేరు. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో భాగమే అయినా సరుకుల విషయంలో ఈయూ నియమాల్లో ఉంది. అక్కడికి పంపేవాళ్లకు డిక్లరేషన్లు ఉచితంగా చేసిపెట్టే సేవను ప్రభుత్వం సెప్టెంబర్ 28న ప్రారంభించింది. అది మంచి పని, వాడుకోండి. కానీ ఏ తిండి సరుకుకు ఏ మినహాయింపో తేలింది డిసెంబర్ రెండో వారంలో. పెద్ద సూపర్‌మార్కెట్లకు, వాటికి సరఫరా చేసేవాళ్లకు మూడు నెలల వెసులుబాటు వచ్చింది. మన కిరాణా దుకాణాలకు అది దాదాపు పనికిరాలేదు.

ఇక డిసెంబర్ ఆఖరి పది రోజులు. 20వ తేదీ రాత్రి, కొత్తరకం కోవిడ్ భయంతో ఫ్రాన్స్ సరిహద్దు మూసింది. కెంట్‌లో వేల లారీలు క్రిస్మస్‌కు రోడ్డు మీదే ఉండిపోయాయి. మా దారి అది కాదు, మేము వేల్స్‌లోని హోలీహెడ్ రేవు నుంచి డబ్లిన్ ఫెర్రీ. అయినా దెబ్బ మాకూ తగిలింది. ట్రైలర్లు, డ్రైవర్లు అక్కడ ఇరుక్కుపోయేసరికి మా ట్రాన్స్‌పోర్టర్ జనవరి మొదటి రెండు వారాలు ఐర్లండ్‌కు కలగలుపు లోడ్లు (పలు కంపెనీల సరుకు కలిపినవి) తీసుకోనన్నారు.

24న ఒప్పందం కుదిరింది. 26న పాఠం బయటికొచ్చింది, 1,246 పేజీలు. 26 శనివారం కాబట్టి సోమవారం 28 కూడా సెలవే. చదివి అర్థం చేసుకోవడానికి మిగిలిన పనిరోజులు 29, 30, 31. పార్లమెంటు దాన్ని 30న ఒక్క రోజులో ఆమోదించింది. నాలుగున్నరేళ్లు ఉండి, ఆఖరికి ధర వేసుకోవడానికి మాకిచ్చింది మూడు రోజులు.

టీవీలో "సుంకం సున్నా, కోటా సున్నా" అన్నారు. మా ఫోన్లు మోగడం మొదలైంది: "ఇంకేం, పాత ధరకే పంపండి." ఇక్కడే చాలామంది దెబ్బతిన్నారు కాబట్టి నెమ్మదిగా చెబుతాను. సున్నా సుంకం బ్రిటన్‌లోనో ఈయూలోనో పుట్టిన సరుకుకే. ఇండియా నుంచి బ్రిటన్‌కు వచ్చి సుంకం కట్టి, మళ్లీ బ్రిటన్ నుంచి ఐర్లండ్ వెళ్తే అది ఇంకా ఇండియా సరుకే. అక్కడ మళ్లీ సుంకం. 25 కిలోల బస్తా తెచ్చి లెస్టర్‌లో కిలో ప్యాకెట్లు కట్టినా పుట్టుక మారదు. రెండు రకాలు కలిపినా, జల్లెడ పట్టినా, లేబుల్ అంటించినా మారదు. ఒప్పందంలో వీటిని పుట్టుక మార్చడానికి చాలని పనుల జాబితాలో పేరుపేరునా రాశారు.

అదృష్టం ఏమిటంటే శనగ, పెసర, మినుము, ఎర్రపప్పులకు ఈయూలో ఏ దేశానిదైనా సుంకం సున్నా. వాటి ధర ఆ కారణంగా మారలేదు. కందికి మాత్రం మామూలు సుంకం 3.2 శాతం ఉంది. బియ్యానికి అలా కాదు. మరబియ్యం మీద సుంకం శాతంలో ఉండదు, టన్నుకు ఇన్ని యూరోలని ఉంటుంది, కాబట్టి చవక బియ్యం మీదే ఎక్కువ భారం పడుతుంది. సోనామసూరి కొనేవాళ్లకు ఇది వెంటనే తెలిసింది.

అన్నిటికంటే ఆశ్చర్యం గోధుమపిండి. ఇంగ్లండ్ మిల్లులో ఆడింది, ఇంగ్లండ్ సరుకే కదా అనుకుంటాం. చపాతీ పిండికి గట్టి గోధుమ కావాలని మిల్లులు కెనడా గోధుమ కలుపుతాయి. ఈయూ, బ్రిటన్ బయటి గోధుమ బరువులో 15 శాతం దాటితే ఆ పిండికి ఒప్పందం వర్తించదు, టన్నుకు 172 యూరోల సుంకం. పది కిలోల బస్తాకు 1.72 యూరోలు. ఆ బస్తా మీద హోల్‌సేల్‌లో మిగిలేది అంత ఉండదు. మిల్లు నుంచి బ్యాచ్‌వారీగా గోధుమ వివరం రాతపూర్వకంగా వస్తే తప్ప ఇన్‌వాయిస్ మీద మూలప్రకటన (సరుకు ఎక్కడ పుట్టిందో చెప్పేది) రాయకండి. ఆ ప్రకటనకు నిర్ణీత వాక్యాలున్నాయి, అవి మక్కీకి మక్కీ ఉండాలి, కింద మీ జీబీ ఈఓఆర్‌ఐ నంబరు ఉండాలి. తర్వాత ఎప్పుడైనా తనిఖీకి అడిగితే చూపించాల్సింది మీరే.

నెయ్యి, పనీర్ గురించి కూడా చెప్పాలి. జంతు ఉత్పత్తులకు ఆరోగ్య ధృవపత్రం కావాలి, దాన్ని అధికారం ఉన్న పశువైద్యుడు సరుకు లోడయ్యే ముందు చూసి సంతకం చేయాలి. దానికంటే ముందు, జంతు ఉత్పత్తులు పంపగల దేశాల జాబితాలో బ్రిటన్ పేరు ఈయూ చేర్చాలి. అది ఖరారైంది డిసెంబర్ చివరి పది రోజుల్లో. అప్పటిదాకా జనవరి 1న ఇంగ్లండ్ నెయ్యి ఐర్లండ్‌లో అడుగుపెట్టగలదో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. ధృవపత్రం పేజీల్లో వర్తించని ప్రతి వాక్యాన్నీ కొట్టేసి పక్కన ముద్ర వేయాలి. ఒక్కటి వదిలేసినా, కొట్టకూడనిది కొట్టినా అవతల తిరస్కరిస్తారు. మాకు వైద్యుడి బిల్లు ఒక్కో సరుకుకు 150 పౌండ్ల దాకా చెప్పారు. పైగా ఓడ దిగడానికి 24 గంటల ముందే ఈయూ వ్యవస్థలో దిగుమతిదారు సమాచారం ఇవ్వాలి. పది పెట్టెల నెయ్యికి ఇదంతా చేస్తే గిట్టదు. మేము నెయ్యి మానేశాం, దుకాణాలు నెదర్లాండ్స్, జర్మనీల నుంచి తెప్పించుకుంటున్నాయి.

పాలు నెయ్యి లేకపోయినా చిక్కున్న సరుకులు మన దగ్గర ఎక్కువే. ఇండియా నుంచి వచ్చే మిరపపొడి, పల్లీలు, నువ్వులు, కరివేపాకు ఈయూ ప్రత్యేక నిఘా జాబితాలో ఉన్నాయి. పల్లీలు, మిరపకు బూజువిషం భయం, నువ్వులకు ఇథిలీన్ ఆక్సైడ్ (క్రిములను చంపడానికి వాడే రసాయనం) భయం. వీటికి మూలదేశపు అధికారిక ధృవపత్రం, ల్యాబ్ ఫలితం సరుకుతో పాటు ఉండాలి. కంటైనర్ మొత్తానికి ఇచ్చిన కాగితం చూపించి దానిలోంచి పది బస్తాలు విడదీసి పంపడం మా ఏజెంట్ వల్ల కాలేదు. 2020 అక్టోబర్ నుంచి ఇండియా నువ్వుల సరుకులో సగాన్ని ఆపి పరీక్షిస్తున్నారు కూడా. ఆ రోజుల గోడౌన్ అద్దె, పరీక్ష ఖర్చు దిగుమతిదారుదే. ఐర్లండ్ ఆర్డర్ పట్టీ నుంచి ఈ నాలుగూ తీసేశాం.

జనవరిలో మొదటి లోడ్ వెళ్లింది మూడో వారంలో. వరస ఇలా ఉంటుంది. ప్యాకింగ్ లిస్ట్‌లో కోడ్, దేశం, నికర బరువు, విలువ పెట్టి ఏజెంట్‌కు ఇస్తే ఎగుమతి డిక్లరేషన్ వేసి ఒక నంబరు ఇస్తారు. ఐర్లండ్ ఏజెంట్ దిగుమతి డిక్లరేషన్ వేస్తారు, సుంకానికి డబ్బు ముందే రెవెన్యూ ఖాతాలో ఉండాలి, లేకుంటే అది కదలదు. ట్రాన్స్‌పోర్టర్ భద్రతా డిక్లరేషన్ వేయాలి. ఈ నంబర్లన్నీ కలిపి లారీకి ఒకే ముందస్తు నంబరు తీసుకోవాలి. అది లేకపోతే హోలీహెడ్‌లో ఫెర్రీ ఎక్కనివ్వరు. ఓడ దిగే ముందు డ్రైవర్ ఫోన్‌లో ఆ నంబరు కొడితే నేరుగా వెళ్లాలా, తనిఖీకి వెళ్లాలా అని చూపిస్తుంది.

భద్రతా డిక్లరేషన్ ఎవరు వేయాలన్న దగ్గరే మొదటి వారంలో అందరూ చిక్కుకున్నారు. చట్టం ప్రకారం అది ట్రాన్స్‌పోర్టర్ పని. మా ట్రాన్స్‌పోర్టర్‌కు అది వేసే సాఫ్ట్‌వేర్ లేదు, మా ఏజెంట్ ఆ పని ఒప్పందంలో లేదన్నారు. జనవరి 7న ఐరిష్ రెవెన్యూ తాత్కాలిక సడలింపు ఇచ్చాక గానీ రద్దీ తగ్గలేదు. ట్రాన్స్‌పోర్టర్‌తో మాట్లాడేటప్పుడు మొదట అడగాల్సింది రేటు కాదు, ఇది ఎవరు వేస్తారని.

కలగలుపు లోడ్‌లో మరో ప్రమాదం ఉంది. ఒక లారీలో ఏడెనిమిది కంపెనీల సరుకు ఉంటుంది. అందులో ఒక్క ప్యాలెట్ కాగితం తప్పైతే లారీ మొత్తం ఆగుతుంది. మా మొదటి లోడ్ డబ్లిన్‌లో నాలుగు రోజులు నిలబడింది, కారణం మా సరుకు కాదు, వేరెవరిదో మాంసం పెట్టెలు. అప్పటి నుంచి జంతు ఉత్పత్తులున్న లారీలో మా ప్యాలెట్ ఎక్కించవద్దని ముందే రాసి ఇస్తున్నాం. దానికోసం రెండు రోజులు ఎక్కువ ఆగాల్సి వచ్చినా నయమే.

పాత రోజుల్లో సోమవారం లోడ్ చేస్తే బుధవారం దుకాణంలో ఉండేది. మొదటి లోడ్‌కు పదకొండు రోజులు పట్టింది, ఇప్పుడు నాలుగైదు రోజులు పడుతోంది. ప్యాలెట్ కిరాయి 70 పౌండ్లుండేది, 105 అయింది. జనవరిలో బ్రిటన్ నుంచి ఈయూకు సరుకుల ఎగుమతి అంతకుముందు నెల కంటే 40.7 శాతం పడిపోయిందని గణాంకాల శాఖ మార్చి 12న చెప్పింది. డిసెంబర్‌లో ముందుగా నిల్వ పెట్టుకున్నది కొంత, కోవిడ్ కొంత కారణం కావచ్చు. ప్యాలెట్ల దగ్గర నిలబడి చూస్తే మాత్రం ఆ అంకె నాకు ఎక్కువ అనిపించలేదు.

సాయం కూడా వచ్చింది, ఫిబ్రవరి 11న. చిన్న వ్యాపారాలకు మొత్తం 2 కోట్ల పౌండ్ల నిధి, ఒక్కో వ్యాపారానికి 2,000 పౌండ్ల దాకా, శిక్షణకు, సలహాకు. ఒక్క ఈయూతోనే వ్యాపారం చేసేవాళ్లకే అది. ఇండియా నుంచి ఒక కంటైనర్ తెప్పించినా అర్హత లేదు. అంటే ఈ దేశంలో మన సరుకుల హోల్‌సేలర్ ఒక్కరికీ రాదన్నమాట. 

నాకు మింగుడుపడనిది ఇంకోటి. బ్రిటన్‌లోకి వచ్చే ఈయూ తిండి సరుకులకు కాగితాలు ఏప్రిల్‌లో, సరిహద్దు తనిఖీలు జూలైలో మొదలవ్వాల్సింది. సిద్ధంగా లేమని మార్చి 11న ప్రభుత్వం కాగితాలను అక్టోబర్‌కు, తనిఖీలను 2022 జనవరికి జరిపింది. ఉత్తర ఐర్లండ్ వెసులుబాటును మార్చి 3న తనంతట తానే అక్టోబర్ దాకా పొడిగించింది. తనకు సమయం కావాలంటే తీసుకుంది. ఎగుమతి చేసేవాళ్లకు ఒక్క రోజు కూడా ఇప్పించలేకపోయింది, ఎందుకంటే అది ఇవ్వాల్సింది ఈయూ, అడగాల్సిన గడువు జూన్ 30తోనే పోయింది.

ఐర్లండ్ దుకాణాలవాళ్లకు ఇప్పుడు మేము చెబుతున్నది ఇదీ. వారానికి ఒకసారి రెండు ప్యాలెట్లు తెప్పించే బదులు రెండు వారాలకు ఒకసారి నాలుగు తెప్పించుకోండి. కాగితం ఖర్చు లైన్ల మీద ఉంటుంది గానీ బరువు మీద ఉండదు. పప్పులు మా దగ్గర కొనండి. ఇండియా బియ్యం మాత్రం నలుగురైదుగురు దుకాణాలవాళ్లు కలిసి కంటైనర్ నేరుగా డబ్లిన్‌కే తెప్పించుకుంటే ఒక సుంకం మిగులుతుంది. చిల్లర సరుకు పెట్టెలకొద్దీ కాకుండా ఒకే కోడ్ కిందవి గుంపుగా ఆర్డర్ ఇవ్వండి. ఆర్డర్ ఖరారు చేశాక మార్చకండి. రెండు పెట్టెలు ఎక్కువ కావాలని లోడ్ రోజు ఫోన్ చేస్తే డిక్లరేషన్ మొత్తం రద్దు చేసి మళ్లీ వేయాలి.

ముందున్న తేదీ ఏప్రిల్ 21. పాల పదార్థం సగం కంటే తక్కువుండి, బయట ఉంచినా పాడవని తిండికి ఇప్పటిదాకా మినహాయింపు నడిచింది. ఆ రోజు నుంచి శాతం లెక్క పోతుంది. ఇక్కడ చేసిన మైసూర్‌పాక్, సున్నుండలు పంపాలన్నా, వాటిలోని నెయ్యి ఈయూ ఆమోదించిన కేంద్రంలో తయారైందని దిగుమతిదారు సంతకం చేసిన ప్రకటన ఉండాలి. ఆ సంతకం దుకాణం యజమానిది, రుజువు మేము ఇవ్వాలి. మాకు స్వీట్లు చేసిచ్చేవాళ్లను, వాడే నెయ్యి డబ్బా మీద కోడిగుడ్డు ఆకారంలో ఉండే ముద్రలోని నంబరు ఫొటో తీసి పంపమని అడిగాం. ఇద్దరు పంపారు. పంపనివాళ్ల స్వీట్లకు ఏప్రిల్ 12 తర్వాత ఐర్లండ్ ఆర్డర్లు తీసుకోం.